నాన్న లాగిన ఫ్యాను గొలుసు

నేను ఐదో తరగతిలో ఉన్నప్పటి మాట... ఎండలో పడి బడి నుంచి రాగానే గుమ్మంలోనే నాన్న కేక వినిపించేది. "వచ్చావా అమ్మలూ! రా, ఇలా వచ్చి కూర్చో." ఆ మాట అంటూనే ఫ్యాను గొలుసు లాగేవాడు.

తెనాలిలో మా వీధి మొత్తానికి గొలుసు లాగితే తిరిగే ఫ్యాను మాదొక్కటే. మావయ్య మస్కట్ నుంచి తెచ్చాడు. ఆ గొలుసుకు నవారు ముక్క కట్టి, రెండో కొస నాన్న మంచానికి ముడేసింది అమ్మ. ఎందుకంటే నాన్న లేవలేడు... బియ్యం మిల్లులో బస్తాల మీంచి పడ్డాక నడుము కింద ఏమీ పనిచేసేది కాదు. మంచినీళ్లు కావాలన్నా, పక్కకు తిరగాలన్నా మేమే. ఆ ఇంట్లో నాన్న తన చేత్తో ఇంకొకరికి చేసిపెట్టగలిగింది ఆ గాలి ఒక్కటే. పాలవాడొచ్చినా, పక్కింటి పిన్నిగారొచ్చినా ముందు గొలుసు లాగి, ఆ తర్వాతే పలకరించేవాడు.

దాన్ని తెంపింది నేనే.

ఓపిక అనేది నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒక ఆదివారం పోయిన కరెంటు వచ్చింది. నాన్న లాగేలోపే నేను ఎగిరి గొలుసు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను... ఊడి చేతిలోకి వచ్చేసింది. అమ్మమ్మను చూడ్డానికి రేపల్లె వెళ్లిన అమ్మ తిరిగొస్తే నా వీపు విమానం మోతే! నాన్న మాత్రం నవ్వాడు.

"ఏడవమాకే. అమ్మ వచ్చేలోపు మనిద్దరం బాగుచేసేద్దాం. నేను చెప్తా, నువ్వు చెయ్యి."

మెయిన్ ఆపి, బల్ల మీద స్టూలు వేసుకుని ఎక్కాను. నాన్న మంచం మీంచే చెయ్యి చాచి బల్ల కాలు గట్టిగా పట్టుకున్నాడు. స్క్రూలు విప్పితే లోపల కుంకుమ భరిణె అంత స్విచ్చి. "మూత మెల్లగా తియ్ అమ్మలూ, లోపల స్ప్రింగు ఉంటది" అన్నాడు. మెల్లగా అంటే నాకేం తెలుసు! టప్పున లాగాను. స్ప్రింగు ఎటో ఎగిరిపోయింది.

సాయంత్రం దాకా వెతికాం. చాప దులిపాను, బియ్యం డబ్బా జరిపాను. నాన్న తన దుప్పటంతా చేతులతో తడుముతూనే ఉన్నాడు... దొరకలేదు.

మర్నాడు అమ్మ తిరిగొచ్చి కబురుపెడితే, కరెంటు పని చేసే అతను వచ్చి చూశాడు. "ఈ స్విచ్చి మన దగ్గర దొరకదండి. వైర్లు కలిపేసి డైరెక్టు ఇచ్చేస్తా. తలుపు పక్కన స్విచ్చి ఉందిగా, అక్కడేసుకోండి" అన్నాడు.

"అలాగే కానియ్ బాబూ, తిరిగితే చాలు" అంది అమ్మ.

పది నిమిషాల్లో ఫ్యాను తిరిగింది. హమ్మయ్య అనుకున్నాం.

ఆ రోజు నుంచి ఇంటికొచ్చిన వాళ్లే స్విచ్చి వేసుకుని కూర్చునేవాళ్లు. నేనూ అంతే... రాగానే టక్కున వేసేదాన్ని. నాన్న కేక ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో కూడా నేను గమనించలేదు, అంత మొద్దుని. ఎవరూ గదిలో లేనప్పుడు చెమటకి చొక్కా తడిసి ముద్దై అలాగే పడుకుని ఉండేవాడు. "పిలవొచ్చుగా నాన్నా, వసారాలోనే ఉన్నాగా!" అని కసురుకునేదాన్ని.

"ఎందుకులేమ్మా, చల్లగానే ఉంది" అనేవాడు.

ఇంకో రెండు వేసవులు బతికాడు. ఒక్కసారి కూడా ఫ్యాను వెయ్యమని అడగలేదు.

ఒక వైరు లాగి, మంచం పక్కన ఒక స్విచ్చి పెట్టిస్తే సరిపోయేది... అంతే పని! మా ఎవరికీ తట్టలేదు. ఆయన నోరు తెరిచి చెప్పలేదు. ఇప్పుడు ఏ దుకాణంలో చూసినా రిమోటు ఫ్యాన్లే. నిన్న మా ఇంట్లో కొత్తది బిగించినాయన రిమోటు నా చేతిలో పెట్టి "పడుకునే వేసుకోవచ్చండి" అన్నాడు... వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

మీ ఇళ్లలో మంచాన ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు ఏది అడగడం మానేశారో ఒకసారి చూడండి... నాకు కామెంట్లో చెప్పకపోయినా ఫర్వాలేదు. ముందు లేచి వాళ్ల గదిలోకి వెళ్లండి.