వాసన కలపని సబ్బు

కరోనా తగ్గాక మా అత్తగారికి వాసన పోయింది. మూడు నెలలకు తిరిగొచ్చింది కానీ తిన్నగా రాలేదు. కాఫీ పెడితే రబ్బరు కాలుతోందనేవారు. ఉల్లిపాయలు వేగుతుంటే పెరట్లోకి వెళ్ళి నిలబడేవారు. అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది సబ్బు. ఏ సబ్బు తెచ్చినా ఆవిడ ముక్కుకి కుళ్ళిన గుడ్డే. ఊపిరి బిగబట్టి ఒళ్ళు రుద్దుకుని, గబగబా రెండు చెంబులు పోసుకుని బయటపడేవారు. పక్కవాళ్ళ పౌడర్ల వాసన భరించలేక ఆదివారం చర్చికి వెళ్ళడం కూడా మానేశారు. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి, ఎవరికీ జంకని మనిషి స్నానాల గది తలుపు పట్టుకుని ఏడవడం ఒకరోజు నా కళ్ళబడింది.

"ఓపిక పట్టండి, మెల్లగా కోలుకుంటారు" అన్నారు డాక్టరుగారు. నాకు ఆ మాట సరిపోలేదు.

నేను అమలాపురంలో జూనియర్ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. సబ్బు ఎలా తయారవుతుందో ఏటా బోర్డు మీద రాస్తాను. ఒక్కసారి కూడా చేసి చూసిన పాపాన పోలేదు. ఆవిడ ఏడుపు చూసిన రోజే అనుకున్నాను, ఏ వాసనా కలపని సబ్బు నేనే చేస్తానని. మర్నాడు అంబాజీపేట వెళ్ళి నూనె మిల్లులో కొబ్బరినూనె అడిగాను.

"వంటకాండీ, తలకాండీ?" అన్నాడు మిల్లాయన.

"సబ్బుకండీ."

"ఆయ్! అయితే నిన్న ఆడించింది పట్టుకెళ్ళండి మేడంగారూ, తేటగా ఉంది."

ఆ ఉత్సాహంలో ఇంటికొచ్చి, చేతికందిన అల్యూమినియం గిన్నెలో నీళ్ళు పోసి కాస్టిక్ సోడా వేసేశాను. గిన్నె బుసబుసమని పొంగింది. నల్లటి నురగ, పొగ! కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుందని నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"ఏంటమ్మాయ్ ఆ పొగ?" అత్తగారు హాల్లోంచి కేకేశారు.

"ఏం లేదండీ, గిన్నె మారుస్తున్నానండీ."

ఆవిడ వచ్చి చూసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "కెమిస్ట్రీ లెక్చరరువి, ఈ సంగతి కాలేజీలో చెప్పకు" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆవిడ నవ్వడం అదే.

రెండోసారి స్టీలు గిన్నె తీసుకున్నాను. సోడా నీళ్ళు చల్లారాక నూనెలో పోసి కలిపాను. చెయ్యి పీకేసింది కానీ ఆపలేదు. చూస్తుండగానే తేట నూనె కాస్తా తెల్లబడి, గరిటెజారుగా చిక్కబడింది. నాకు కేక పెట్టాలనిపించింది. బోర్డు మీద ఇన్నేళ్ళు రాసింది కళ్ళ ముందు జరుగుతోంది! డబ్బాలో పోసి, గట్టిపడ్డాక ముక్కలు కోసి, గాలి తగిలేలా చేటలో పేర్చాను. ఐదు వారాలు ఆరాలి.

ఆ ఐదు వారాలూ కాలేజీ నుంచి రాగానే నేను చేసే మొదటి పని ఒక ముక్క తీసి వాసన చూడడం. మొదట్లో కాస్త ఘాటుగా, పచ్చి నూనెలా ఉండేది. తర్వాత ఆ ఘాటు పోయి, ఇంకేదో మెత్తటి వాసన మొదలైంది. నాకు గుబులు పుట్టింది. ఏమీ కలపకపోయినా సబ్బుకి తనదంటూ ఒక వాసన ఉందే! ఇది ఆవిడ ముక్కుకి ఎలా తగులుతుందో?

ఆరడం పూర్తయ్యాక, ఒక శనివారం మధ్యాహ్నం ఒక ముక్క ఆవిడ చేతిలో పెట్టాను. చెయ్యంత దూరంలో పట్టుకుని చూశారు. కొంచెం దగ్గరికి తెచ్చారు. ఇంకొంచెం.

"అమ్మాయ్, ఇందులో ఏం కలిపేవు?"

"ఏమీ కలపలేదండీ. నూనె, నీళ్ళు, సోడా. అంతేనండీ."

"మరి పాలు కాగుతున్నప్పుడు, మీగడ కట్టే ముందు వస్తుంది చూడు, ఆ వాసనేంటి? దాని వెనకాలే ఎండలో ఆరిన దుప్పటి వాసన కూడా ఉంది. నిజంగా వస్తోందా, నాకే వస్తోందా?"

నేను లాక్కుని చూశాను. అవును, అదే! ఐదు వారాలుగా నాకు పేరు దొరకని వాసన.

"వస్తోందండీ అత్తయ్యగారూ! నాక్కూడా అదేనండీ!"

ఇద్దరం చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతాం. ఆవిడకి డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. అయినా గెంతారు. వెంటనే తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళారు. అరగంటైనా బయటికి రాలేదు. లోపల నీళ్ళ చప్పుడు, మధ్యమధ్య కీర్తన.

"ట్యాంకులో నీళ్ళైపోతాయండీ!"

"అయిపోనీ! మోటారెయ్!"

జుట్టు తడి ఆరకుండానే ముమ్మిడివరంలో ఉన్న మా ఆడపడుచుకి ఫోన్ చేశారు. "ఒసే, సబ్బు వాసనొచ్చేసిందే!" తల్లికి ఏమైందో ఏమోనని ఆమె సాయంత్రానికల్లా ఆటోలో దిగింది. సంగతి తెలిశాక ముగ్గురం ఇల్లంతా తిరిగి కనబడ్డదల్లా ఆవిడ ముక్కు దగ్గర పెట్టాం. ఏలకులు తెలియలేదు. కరివేపాకు కాస్త తెలిసినట్టే ఉందన్నారు. కాఫీపొడి మాత్రం అదే రబ్బరు. "పోన్లే, ఒకటి వచ్చింది కదా" అన్నారు, దిగులేమీ లేకుండా.

తర్వాతి నెలల్లో మరికొన్ని వాసనలు ఒక్కొక్కటే దారిలో పడ్డాయి. కొన్ని ఇప్పటికీ రాలేదు, వస్తాయో రావో తెలియదు. సబ్బు మాత్రం మా ఇంట్లో అయిపోయే లోపే మళ్ళీ తయారవుతుంది. మొన్న నూనె కొలుస్తుంటే మా ఆడపడుచు, "వదినా, ఈసారి రెండు చుక్కలు మల్లె సెంటు వేద్దామా?" అంది.

"ఒక్క చుక్క పడిందంటే చెయ్యి విరగ్గొడతాను" అంటూ మా అత్తగారు కొంగు దోపుకుని వచ్చి, గరిటె తన చేతిలోకి తీసుకున్నారు.