పేరు కొట్టిన సామాను

భీమవరంలో స్టీలు సామాన్ల కొట్టు గోపాలకృష్ణమూర్తి గారు తల తీసేస్తానన్నా కొన్న వస్తువుకి కవరు విప్పరు. వస్తువు వాడతారు, కవరుతోనే వాడతారు. టీవీ రిమోటుకి పాలిథిన్ సంచీ, పైన రబ్బరు బ్యాండు. స్కూటరు సీటుకి షోరూములో తొడిగిన ప్లాస్టిక్కు ఇప్పటికీ అలాగే ఉంది. ఎండాకాలం ఆయన బండి దిగుతుంటే చర్రుమని చప్పుడొస్తుంది. అది విని కొట్లో కబుర్లాడుకునే గుమస్తాలు సర్దుకుని నిలబడతారు. కళ్ళజోడు అద్దం మీద కంపెనీ స్టిక్కరు కూడా పీకలేదు. ఎడమ పక్కన నిలబడ్డ మనిషి ఆయనకి సగమే కనిపిస్తాడు.

కొట్లో గిన్నెలమీద పేర్లు కొట్టే మిషనుంది. గ్లాసు కొన్నా గంగాళం కొన్నా "పేరేం కొట్టమంటారండి?" అని ఆయనే అడుగుతారు. వెనక గోడకి బోర్డు: 'పేరు కొట్టిన సామాను వాపసు తీసుకోబడదు.' ఆ బోర్డుకీ కవరే.

"కొత్తది కొత్తదానిలా ఉండాలి రత్నం. కవరు పోతే పాతదైపోతుంది" అంటారు భార్యతో.

"అందుకేనా నేను పాతదాన్నైపోయాను? పెళ్ళినాడే నాకూ ఓ కవరు తొడగాల్సింది" అంటారు నాగరత్నం గారు.

ఆవిడకి ఇంకో దిగులు కూడా ఉంది. పెట్టె విప్పని వస్తువులు ఇంట్లోంచి మాయమైపోతుంటాయి. నిన్నటిదాకా అటకమీదున్న టేబుల్ ఫ్యాను ఇవాళ కనబడదు. మిక్సీ కూడా అలాగే పోయింది.

"ఏవండీ, ఫ్యానేదండీ?"

"ఉంటుందిలే, తిరిగేది కదా, ఎక్కడో తిరుగుతుంటుంది."

వాళ్ళ మేడమీద వాటాలో సాయిదుర్గ వాళ్ళు అద్దెకుండేవారు. తండ్రి లోవరాజు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సాయిదుర్గ ఇంజనీరింగు ఆఖరి ఏడు చదువుతోంది. పుట్టాక ఆ పిల్ల కొత్త వస్తువు ముట్టుకున్నది తక్కువ. పెదనాన్న కూతురు సూర్యకళ వాడేసిన పరికిణీలు, తొక్కేసిన సైకిలు, చదివేసిన పుస్తకాలు వరసగా దిగొచ్చేవి. పుస్తకాల మొదటి పేజీలో సూర్యకళ అని ఉండేది. అది కొట్టేసి కింద తన పేరు రాసుకునేది. ఓసారి మూర్తి గారు ఆ పేజీ చూసి, స్టిక్కరు అడ్డురాకుండా మెడ వంచి మళ్ళీ చూశారు.

"ఇదేంటమ్మా, పేరు రాసి కొట్టేశారు?"

"నాకన్నీ అలాగే వస్తాయండి" అని నవ్వేసింది. ఆయన నవ్వలేదు.

రెండువేల ఏడులో, బజారంతా కంప్యూటరు బిల్లులంటోందని మూర్తి గారు ల్యాప్‌టాప్ కొన్నారు. కొన్నాక కవరు మీంచే వేలితో రాశారు, తోశారు, బతిమాలారు, చివరికి సాయిదుర్గని పిలిచారు.

"ఈ బాణం కదలదేంటమ్మా?"

"కవరు మీంచి కదలదండి."

"అయితే కంపెనీవాడిదే తప్పు."

ఆ పిల్ల మౌసు తగిలించి పెట్టినా, రెండు బిల్లులు కొట్టేసరికి ఆయనకి ఓపిక చచ్చిపోయింది. "వాడకపోతే ఇలాంటివి పాడైపోతాయంట. రోజూ సాయంత్రం కాసేపు వాడిపెట్టమ్మా, నీకు పుణ్యముంటుంది" అన్నారు సాయిదుర్గతో. కాలేజీలో ఒక్కో కంప్యూటరు ముందు నలుగురు కూర్చోవాలి. సాయిదుర్గ తన ప్రాజెక్టంతా ఆ ల్యాప్‌టాప్ మీదే మొదలుపెట్టింది. పని కాగానే మూర్తి గారు దాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు థర్మోకోల్లో పెట్టి పెట్టె మూసేవారు.

ప్రాజెక్టు సగంలో ఉండగా ఓ ఆదివారం పిలిచారు.

"అమ్మాయ్, దీన్ని కంపెనీ నుంచి వచ్చినప్పుడెలా ఉందో అలా చెయ్యగలవా? మా వాసన కూడా మిగలకూడదు."

"ఎందుకండి?"

"వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నాను."

సాయిదుర్గ నెల తిరక్కుండా ప్రాజెక్టు చూపించాలి. కాస్త ఆగండని అందామనుకుంది గానీ, ఇన్నాళ్ళు వాడనివ్వడమే ఎక్కువ, ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? స్నేహితురాలి పెన్‌డ్రైవ్ తెచ్చి తన ఫైళ్ళు ఎక్కించుకుంది.

"దీంతోపాటు వచ్చిన డిస్కులు కావాలండి. చాలామంది పారేస్తారు" అంది చిన్న ఆశతో.

మూర్తి గారికి అంతమాట పడలేదు. పెట్టె అడుగునుంచి డిస్కులు తీసి ముందు పెట్టారు. సీలు చెక్కుచెదరలేదు.

"సీలు విప్పాలండి."

వంటింట్లో గరిట చప్పుడు ఆగిపోయింది. నాగరత్నం గారు గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు. మూర్తి గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు.

"విప్పు."

"ఏవండీ, ఒంట్లో బాగానే ఉందా?"

డిస్కులు ఒకటొకటిగా మింగి, ల్యాప్‌టాప్ అన్నీ మర్చిపోయింది. బిల్లులు పోయాయి, తెరమీది వెంకన్న బొమ్మ పోయింది, సాయిదుర్గ ప్రాజెక్టూ పోయింది. చివరికి అప్పుడే పుట్టినట్టు వెలిగి, వాడబోయేదెవరని అడిగింది.

"పేరడుగుతోందండి. పేరేం కొట్టమంటారు?"

"సాయిదుర్గ అని కొట్టు."

పనిచేసేది తను కాబట్టి అన్నారనుకుని కొట్టేసింది.

"అయిపోయిందండి. ఇంక వాళ్ళకి ఇచ్చెయ్యొచ్చు."

"ఇచ్చేశానుగా."

"ఎవరికండి?"

"పేరు నువ్వే కొట్టి నన్నడుగుతావేంటి?"

సాయిదుర్గ తెరకేసి చూసింది. పైన కొట్టేసిన పేరేదీ లేకుండా తన పేరొక్కటే ఉంది.

నాగరత్నం గారికి అప్పుడు వెలిగింది. "అయితే ఆ ఫ్యాను, మిక్సీ?"

"పనిమనిషి చిట్టెమ్మ కొత్తకాపురం పెట్టుకుంది కదా, పంపించాను. ఇచ్చేది పాతదని వాళ్ళకి అనిపించకూడదు రత్నం."

"నాకు చెప్తే వద్దంటానా?"

"చెప్తే కవరు విప్పేసినట్టే కదా!"

సాయిదుర్గ లేచి ఆయన కాళ్ళకి దండం పెట్టబోయింది. వంగింది ఎడమ పక్కన కావడంతో, స్టిక్కరు అడ్డొచ్చి, ఆ పిల్ల ఎక్కడికి పోయిందా అని ఆయన వెతుక్కున్నారు. సాయిదుర్గ కళ్ళు తుడుచుకుని అంది:

"ఇంత పెద్ద వస్తువు తీసుకోలేనండి. నాన్న కోప్పడతారు. మీ దగ్గరే ఉంచండి, ఎప్పట్లాగే సాయంత్రాలు వచ్చి..."

"పేరు కొట్టావా లేదా?"

"కొట్టానండి."

"మరి మా కొట్లో బోర్డు చదవలేదేంటమ్మా?"