మామయ్య వరండాలో చాయ్

ఇందాక ఎన్నికల జీపు మా రెజిమెంటల్ బజార్ సందులోంచి మైకులో మామయ్య పేరు అరుచుకుంటూ పోయింది. పాప ఉలిక్కిపడి లేచింది. మళ్ళీ నిద్రపుచ్చాను గాని నాకే కన్ను మూతపడటం లేదు. మామయ్య అంటే మా ఆయన తండ్రి. ఈసారి గెలిస్తే పాత తీర్మానం మళ్ళీ పెడతానని అన్నం దగ్గరే చెప్పారు: పెళ్ళయిన ఆడవాళ్ళకు సర్కారు కొలువు ఉండగూడదని. నేను సర్కారు బడిలో టీచర్ని.

మామయ్యకు పేరు తెచ్చింది ఉపన్యాసాలు కాదు, చాయ్. నిజాం మీదికి ఇండియా సైన్యం వచ్చిన పోలీసు యాక్షన్ నాటికి నేను కొత్త కోడలిని. బజారంతా తలుపులు బిగించుకుంటే మా వరండా ఒక్కటే తెరిచి ఉండేది. ఊళ్ళ నుంచి భయంతో వచ్చినవాళ్ళు, హిందువులైనా ముసల్మానులైనా, అక్కడి బెంచీ మీదే కూర్చునేవాళ్ళు. అత్తయ్య అప్పటికే లేరు కనుక చాయ్ తెచ్చే పని నాది. కప్పు ఖాళీ అయ్యేదాకా ఎవరూ తమ తక్లీఫ్, అంటే వచ్చిన కష్టం, చెప్పకూడదు, అది మామయ్య కానూను. ఎంత కోపంతో వచ్చినవాళ్ళయినా ఆ చిక్కటి చాయ్ తాగాక మెత్తబడేవాళ్ళు. వాళ్ళే తర్వాత ఓట్లేసి గెలిపించారు. హైదరాబాద్ రాష్ట్ర అసెంబ్లీలో ఆయన ప్రతి కొత్తదానికీ అడ్డం పడ్డారు: కౌలుదార్ల చట్టానికి, ఆడామగా కలిసి చదివే కాలేజీలకు. పత్రికలు తిట్టిన రోజు ఇంకాస్త హుషారుగా మీసం దువ్వుకునేవారు. చివరికి ఆ తీర్మానం తెచ్చారు.

మర్నాడు పొద్దున్నే మా బడి టీచర్లంతా వరండాలోకి వచ్చారు. అందరికంటే ముందు మా హెడ్‌మిస్ట్రెస్, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన క్రైస్తవురాలు, చర్చికి కట్టుకునే తెల్లచీరలో. నేను అలవాటుగా ట్రే పట్టుకొచ్చాను. ఒక్క చెయ్యీ కప్పు వైపు రాలేదు.

"మేం టీ తాగడానికి రాలేదండీ. మీ టీ సంగతి ఊరంతటికీ తెలుసు," అందావిడ. నా వైపు తిరిగి, "నువ్వు ఎవరి తరఫునమ్మా?" అంది.

ఇంట్లో అందరికీ నేను కోడలినే; నన్ను పేరు పెట్టి పిలిచే చోటు ఆ బడి ఒక్కటే. ట్రే మామయ్య ముందున్న బల్ల మీద పెట్టి, వెళ్ళి వాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చున్నాను.

"ఏందమ్మా, గిట్ల గూసున్నవ్?"

"నేను సుత తక్లీఫ్ చెప్పుకోనీకే వచ్చిన, మామయ్యా."

బెంచీ మీదికి వచ్చిన మనిషికి చాయ్ ఇవ్వకపోతే ఆయన కానూను ఆయనే తప్పినట్టు. ఇచ్చేందుకు ఇంట్లో ఇంకొకరు లేరు. మామయ్య లేచి, జన్మలో మొదటిసారి, ఒక కప్పు తన చేత్తో తెచ్చి నాకిచ్చారు.

"మొదలు తాగు. తర్వాతనే మాట."

తాగితే మెత్తబడతానని తెలుసు. ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. పొగ పోయింది, మీగడ కట్టింది.

"చాయ్ సల్లారుతుంది బిడ్డా."

"మా మాట వినేదాకా తాగ."

మామయ్య కుర్చీలో కూలబడి, హెడ్‌మిస్ట్రెస్ వైపు గడ్డం ఎత్తారు. "చెప్పుండ్రి," అన్నారు. కప్పు ఖాళీ కాకుండానే ఆ వరండాలో ఒకరి మాట వినడం అదే మొదలు. విన్నారు గాని తీర్మానం వెనక్కి తీసుకోలేదు. అసెంబ్లీయే దాన్ని పడగొట్టింది. మామయ్య నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు.

అప్పుడు నా ఒళ్ళో కప్పొక్కటే ఉండేది. ఇప్పుడు పాప ఉంది, భయం కూడా ఎక్కువైంది. అయినా తెల్లారాక చాయ్ పెట్టి, పాపను ఎత్తుకుని ఆ బెంచీ మీదే కూర్చుంటాను. నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రమూ పోయింది. మా ఇంట్లో కాలం మాత్రం వంటింటి నుంచి వరండాలోని బెంచీ దాకానే నడిచింది, అదీ నేను నడిచినప్పుడే.