తడి ఇసుకలో రెండు సీసాలు

మా అమ్మది పంచదార చెయ్యి. క్రిస్మస్‌కి ఆమె జాడీలో పెట్టే ద్రాక్షరసం కూడా పాకంలా ఉండేది. లవంగాలు, దాల్చినచెక్క, గుప్పెళ్ళకొద్దీ పంచదార. వైన్ అంటే అదేనని డెబ్బైల్లో మా నమ్మకం. బెజవాడ పక్కన, కొండపల్లి రోడ్డు మీద ఉండేవాళ్ళం. నాకప్పుడు పధ్నాలుగేళ్ళు. నాన్న లేడు. అమ్మ గుడి బంగళాలో ఫాదర్ గారికి వండిపెట్టేది.

ఆయనది ఎక్కడో మంచుకొండల దేశం. వచ్చి ఇరవై ఏళ్ళయింది. ఆవకాయకి అలవాటుపడ్డారు గాని ఎండకి మాత్రం పడలేదు, పాపం. ఆ ఏడు ఈస్టర్ ముందు వచ్చే తపస్సుకాలం మొదట్లో వాళ్ళ ఊరి నుంచి రెండు సీసాలొచ్చాయి, ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది. సొంత తోటలో ద్రాక్షతో ఆయన తమ్ముడు చేసినవి. వాటి వెనకాలే ఆ తమ్ముడు పోయాడని ఉత్తరం. ఆయన సీసాలు ముట్టుకోలేదు.

"ఈస్టర్ నాడు తాగుతానమ్మా. ఒక్కసారి ఇంటికెళ్ళినట్టుంటుంది," అన్నారు.

బంగళా రేకులది, మాది చల్లటి తాటాకిల్లు. అందుకని వాటిని మా ఇంట్లో, మంచినీళ్ళ కుండ కింద తడి ఇసుకలో పెట్టించారు.

నలభై రోజులూ అమ్మ పూటపూటా ఆ ఇసుక తడిపింది. అయినా మా ఎండలు ఊరుకుంటాయా! పండగ ముందురోజు చూస్తే ఎర్రసీసా బిరడా పైకి లేచి, పక్కన చెమ్మ కారింది. అమ్మ వేలితో అద్ది నాలిక్కి రాసుకుంది.

"అయ్యో, పులిసి చచ్చిందే! నమ్మి ఇచ్చారే, ఇప్పుడు నా మొహం ఎట్లా చూపించను?"

నేనూ రుచి చూశాను. పులుపు, వగరు. పాడైందని ఒట్టేసి చెప్పాను. అంతే, అమ్మ తనకొచ్చిన వైద్యం చేసేసింది. చిక్కటి పాకం, నాలుగు లవంగాలు. మళ్ళీ సీసాలో పోసి బిరడా బిగించి, "హమ్మయ్య, బతికింది," అంది.

ఈస్టర్ మధ్యాహ్నం ఫాదర్ గారు మా వసారాలో కూర్చున్నారు. ఎర్రది గ్లాసులో పోసుకుని, కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగారు. కళ్ళు తెరిచి గ్లాసులోకి చూశారు. చాలాసేపు చూశారు.

"బాగుందాండీ?" అంది అమ్మ.

"చాలా బాగుందమ్మా," అని గ్లాసు ఖాళీ చేశారు.

తర్వాత తెల్లసీసా తీసి ముందు మాకు పోశారు. అమ్మ ఒక గుక్క తాగి ఆగిపోయింది. అదే పులుపు. ఈ సీసా బిరడా కదల్లేదు, ఇప్పుడే మా కళ్ళముందు తీశారు. దాని రుచే అదని ఆమెకి అర్థమైపోయింది. "నేనే పాడుచేశానండీ," అని బావురుమంది.

ఆయన కంగారుపడిపోయారు. "లేదమ్మా, నాకు తీపే ఇష్టం," అని నావైపు తిరిగి, "అమ్మాయ్, పంచదార డబ్బా తీసుకురా. ఇందులోనూ వేద్దాం," అన్నారు.

తెచ్చాను. అమ్మ నా చేతిలోంచి లాక్కుని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ మూత మీద నొక్కింది. "ప్రాణం పోయినా ఇవ్వనండీ. ఇదైనా మీ ఊరి రుచితో తాగండి."

తాగారు. మధ్యలో వాళ్ళ భాషలో ఏదో అన్నారు. కన్నీళ్ళు గడ్డంలోకి జారుతున్నా తుడుచుకోలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అమ్మ డబ్బా వదల్లేదు.

ఆ ఇద్దరూ ఎప్పుడో పోయారు. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర చలిదేశాల వైన్ దొరుకుతోంది, ఎర్రదీ తెల్లదీ. కొనుక్కుంటాను, సిగ్గేముంది. తెల్లది అట్లాగే తాగుతాను. ఎర్రదాంట్లో మాత్రం పాకం కాచి పోస్తాను, నాలుగు లవంగాలతో. అంత ఖరీదైన వైన్ పాడుచేస్తున్నావని ఇంట్లోవాళ్ళు తల కొట్టుకుంటారు. కొట్టుకోనీ. నాకు మా అమ్మ కావాలి.