పంచె కింద దాచిన గొట్టం

తొంభైల మొదట్లో మా ఆడపడుచు పెళ్లికి రేపల్లె నుంచి బాపట్ల చర్చికి వెళ్లాం. గడ్డివామి మీంచి పడి వెన్ను విరిగిన మావారికి ఛాతీ కింద స్పర్శ లేదు. మూత్రానికి గొట్టం, సంచి ఉండేవి. నలుగురిలో కనిపిస్తాయన్న సిగ్గుతో గొట్టాన్ని మడిచి పంచె కింద దోపాను.

ప్రార్థన మధ్యలో, "తల పగిలిపోతోందే!" అన్నారు. ముఖం ఎర్రబడి చెమటలు కారిపోయాయి. నా చేతుల్లోనే పోతారనిపించింది. అందరూ పడుకోబెట్టబోతుంటే, పెళ్లికొచ్చిన ఒక నర్సమ్మగారు "వద్దండి, కూర్చోబెట్టండి!" అంటూ, నన్నడిగి సంగతి తెలుసుకుని, పంచె తొలగించి గొట్టం మడత విప్పారు. సంచి నిండింది, నొప్పి తగ్గింది.

"మూత్రం నిండిపోయిందని ఆయనకి తెలియకపోయినా వెన్నుపాముకి తెలుస్తుందమ్మా. అది రక్తనాళాల్ని బిగించేస్తుంది. బీపీ పెరిగి ప్రాణమే పోయేది," అన్నారామె.

ఇప్పటికీ ఆయన తలనొప్పంటే, ఎదురుగా ఎవరున్నా సరే, నా చెయ్యి ముందు గొట్టం మీదికే పోతుంది.