ఎలిశబెతు తెరచాపకు వేసిన మడత

ఎలిశబెతుకు యాభై రెండేళ్లు. వాకాడు దగ్గర సముద్రం ఒడ్డున మా ఊళ్లో జాకెట్లు కుడుతుంది. గుడ్డ ఎక్కడ వదులుగా కనిపించినా ఆమెకు ఒళ్లు మంట. చర్చిలో పాట మధ్యలో కూడా ముందు వరస వాళ్ల భుజాల కుట్లు చూస్తుందని, పక్కింట్లో ఉండే నేను ఎగతాళి చేస్తే, "కండ్లు మూసుకునేది ప్రార్థనకే గదా, పాటక్కాదే" అంటుంది.

నిరుడు ఏరు సముద్రంలో కలిసే చోట సుశీల్ కుమార్ అనే అతను, మనిషి నిలబడే పలకకు తెరచాప బిగించి నీళ్ల మీద తోలడం నేర్పే చోటొకటి పెట్టాడు. చిరిగిన తెరచాపలు ఎలిశబెతు మిషను మీదికే వచ్చేవి. అతుకు వేసి పంపించడమే ఆమె పని, అవి నీళ్ల మీద ఎలా ఆడతాయో ఆమెకు పట్టేది కాదు.

అక్కడ జరిగే తెరచాపల పోటీకి వారం ముందు, సుశీల్ దగ్గర నేర్చుకునే ప్రత్యూష తెరచాప చిరిగింది. తోటపల్లి గూడూరు రైతుల పిల్ల, ఆ పోటీలో మొదటి ముగ్గురిలో ఉంటే రాష్ట్ర జట్టులోకి వెళుతుంది. ఎలిశబెతు అతుకు వేసి తనే ఒడ్డుకు తీసుకెళ్లింది. సుశీల్ ఊళ్లో లేడు. ప్రత్యూష తెరచాప ముందంచులో నిలువు కొయ్య దూర్చి, కప్పీ తాడుతో తెరచాపను కిందికి గట్టిగా లాగి, వెనక మూలను అడ్డకర్రకు కట్టింది. పైభాగంలో వెనకంచు వదులుగా రెపరెపలాడింది.

"ఏందిమ్మే ఇది, ఇంత వదులుగా ఉండాది!"

"అది అట్టనే ఉంటాదక్కా."

"నా చేతి మీదుగా పోయిన గుడ్డ అట్టా ఉండదు" అని మళ్లీ ఇంటికి మోసుకొచ్చి, ఆ అంచును సన్నగా మడిచి కుట్టేసింది. నాకు చూపించి మురిసిపోయింది కూడా. ఏం చేసిందో ప్రత్యూషకు మాత్రం చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి ప్రత్యూష పడుతూనే ఉంది. గాలి కాస్త విసిరితే చాలు, తెరచాప ఆమెను లాగి నీళ్లలో పారేసేది. నాలుగు రోజులకు పిల్ల అరచేతులు పొక్కిపోయాయి. శుక్రవారం సుశీల్ వచ్చి చూశాడు. కప్పీ తాడు లాగేకొద్దీ వదులు కావాల్సిన పైఅంచు, ఎంత లాగినా బిర్రుగానే ఉంది. తెరచాపను తడిమి చూశాడు. కుట్టు అంత శుభ్రంగా ఉంటే మడత కంటికి ఎలా ఆనుతుంది!

"తెరచాపలో ఏం లేదు పాపా, నీ చేతుల్లోనే పట్టు పోయినాది. రేపు పోటీకి వద్దులే" అన్నాడు. ప్రత్యూష ఇసకలో కూలబడి ఏడ్చింది.

చూద్దామని నాతో ఒడ్డుకొచ్చిన ఎలిశబెతు ముఖం ఆ మాటకు పాలిపోయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నేను ఆమె చెయ్యి గిల్లాను కూడా, ఊరుకోమని. నాకిప్పటికీ అది తలుచుకుంటే సిగ్గు.

"సుశీలూ, తప్పు నాది. వదులుగా ఉండాదని నేనే మడిచి కుట్టినా" అంది.

సుశీల్ తల పట్టుకున్నాడు. "అక్కా, ఆ వదులు కావాలనే పెడతారు. గాలి ఎక్కువైతే ఆడినుంచి జారిపోవాల. నువ్వు దారి మూసేసినావు!"

ఎలిశబెతు అక్కడే ఇసకలో కూర్చుని బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ విప్పింది. పొక్కిన పిల్ల చేతుల్ని మధ్య మధ్యలో చూస్తూ, "నన్ను తిట్టు పాపా" అని రెండుసార్లు అంది. ప్రత్యూష తిట్టలేదు, పక్కన కూర్చుని గుడ్డ కదలకుండా పట్టుకుంది.

శనివారం ప్రత్యూష పోటీలో దిగింది. మధ్యాహ్నం గాలి లేచింది. మలుపు దగ్గర పెద్ద విసురు వచ్చి ముందున్న ఇద్దరు పడ్డారు. ప్రత్యూష తెరచాప పైఅంచు ఒక్కసారి తెరుచుకుని గాలిని వదిలేసింది. పిల్ల వంగింది, ఊగింది, నిలబడింది. ఎన్నో స్థానమో లెక్క చూసుకునే ఓపిక ఎలిశబెతుకు లేదు. చీర తడుస్తున్నా మోకాళ్ల లోతు నీళ్లలోకి పోయి, ఏడుస్తూ, నవ్వుతూ నన్ను కేకేసింది.

"పడలా! చూసినావా, పడలా!"