ప్రభుదాసన్నయ్యకు పచ్చ ఇంజను

శుక్రవారం ఉదయం ఏడున్నరకల్లా దమ్మాం స్టేషన్‌లో ఉన్నాను. రైలు ఎనిమిదీ ఇరవైకి. ధహ్రాన్‌లో మా క్వార్టర్స్ నుంచి టాక్సీలో ఇరవై నిమిషాల దారే. కానీ పదకొండేళ్ళు సిగ్నల్ క్యాబిన్‌లో గడియారానికి ఎదురుగా కూర్చుని బతికినవాణ్ణి, ముందుగా చేరకపోతే నా ప్రాణం కుదుటపడదు.

చేతిలో సంచి, సంచిలో అట్టపెట్టె, అందులో జానెడుకి కాస్త ఎక్కువ పొడవున్న పచ్చ రంగు డీజిల్ ఇంజను. బొమ్మే, కానీ చక్రాలు, కిటికీలు, ముందున్న పొడుగాటి ముక్కు అన్నీ అసలుదానికి సరిపోతాయి. ఇంగ్లండులో ఓ పల్లెటూరి క్యాబిన్‌లో లీవర్లు లాగుతూ పనిచేసిన రోజుల్లో నా కిటికీ కిందుగా పోయిన ఇంజన్లన్నిటికీ ఇలాంటి నమూనాలు పోగుచేస్తున్నాను. ఇప్పటికి ఇరవై మూడు అయ్యాయి. నా భార్య వాటిని "మీ రెండో సంసారం" అంటుంది. ఒక్కోదాని కింద ఒక్కో కాగితం ఉంటుంది. ఆ ఇంజను నడిపిన మనిషిని వెతికి పట్టుకుని, ఆయన చెప్పిన నాలుగు మాటలు రాసుకుంటాను. కాగితం లేనిది ఈ పచ్చ ఇంజనుకొక్కదానికే.

అక్కడ దీన్ని నడిపిన ప్రభుదాసన్నయ్య సొంతూరు నరసాపురం. రిటైరై ఊళ్ళోనే ఉంటూ, రియాద్‌లో నర్సుగా ఉన్న కూతురు గ్రేస్ దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చాడు. వచ్చేవారం తిరుగు ప్రయాణం. కాగితం కోసం వస్తున్నానని గ్రేస్‌కి ఫోన్లో చెప్పాను. అది సగం నిజం.

మిగతా సగం ఇది. ఇరవై రెండేళ్ళ కింద ఒక పొద్దున ఆయన బండికి సిగ్నల్ ఇచ్చాను. అంతలో క్యాబిన్‌లో ఫోను మోగింది. గొర్రెల మంద రైలు గేటు దాకా వచ్చేసిందని ఒక రైతు కేకలు. కంగారులో లీవరు వెనక్కి తోసేశాను. బండి మీదికొచ్చాక సిగ్నల్ డేంజర్‌కి, అంటే ఆగమనే గుర్తుకి, పడితే ఏ డ్రైవరూ ఆపలేడు. ఆయన ఇంజను సిగ్నల్ దాటి యాభై గజాలు వచ్చి ఆగింది. మనుషులకీ గొర్రెలకీ ఏమీ కాలేదు. విచారణలో ఆయన, తాను చూసినప్పుడు సిగ్నల్ క్లియర్‌గా ఉందన్నాడు. నేను, మొదటినుంచీ డేంజర్లోనే ఉందన్నాను. ఆ పాత క్యాబిన్‌లో మా ఇద్దరి మాట తప్ప వేరే ఆధారం లేదు. నా వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగాన్ని పట్టుకుని ఉంది. ఆయన్ని డ్రైవింగ్ నుంచి తీసేసి, యార్డులో పెట్టెలు తగిలించే పనిలో వేశారు. అంతకుముందు దాకా, క్యాబిన్ ముందు బండి నెమ్మదించినప్పుడల్లా నాకు గోంగూర పచ్చడి పొట్లం విసిరేవాడాయన.

ఈ మాట చెప్పడానికి ఇంతకు ముందు రెండుసార్లు బయలుదేరి వెనక్కి తిరిగాను. ఒకసారి నరసాపురంలో ఆయన వీధి మలుపు దాకా కూడా వెళ్ళాను. ఈసారి తిరుగు టికెట్ సాయంత్రం అయిదున్నరకి కొన్నాను. మధ్యలో తప్పించుకోవడానికి వేరే బండి లేదు.

స్టేషన్లో సామాను స్కాన్ చేసే యువకుడు తెరమీద ఇంజనును చూసి, "వెష్ హాదా?" అన్నాడు, ఇదేమిటని. "లుఅబా" అన్నాను. బొమ్మ అని.

"పిల్లలకా?"

"కాదు, ఒక పెద్దాయనకి."

నవ్వి పంపించేశాడు. వెళ్ళదలచినవాళ్ళకి ఒక మాట: ఎకానమీ పెట్టెలో సీట్లు బాగానే ఉంటాయి, ఏసీ మాత్రం ఎముకలు కొరికేస్తుంది. శాలువా పెట్టుకోండి. క్యాంటీన్ పెట్టెలో చాయ్, చీజ్ శాండ్‌విచ్ దొరుకుతాయి. ఇడ్లీ మీద ఆశ ఉన్నవాళ్ళు ఇంటినుంచే కట్టుకోవాలి.

పక్క సీట్లో పెషావర్ వెల్డర్, పేరు గుల్జార్. పెట్టె తెరిచి చూపిస్తే ఇంజనుని అటూ ఇటూ తిప్పి, డీజిల్ ఎక్కడ పోస్తారని అడిగాడు. దోస్తుకి ఇవ్వడానికి తీసుకెళ్తున్నానని చెప్పాను.

"తో జల్దీ దే దో భాయ్. హాథ్ మే రహే తో దిల్ బదల్ జాతా హై."

చేతిలో ఉన్నకొద్దీ మనసు మారిపోతుంది, తొందరగా ఇచ్చెయ్యమని. నా సంగతి ఇతనికెవరు చెప్పారా అనిపించింది. హొఫూఫ్ ఖర్జూరపు తోటల దగ్గర అతను దిగిపోయాడు. ఆ తర్వాత రెండు గంటలకు పైగా ఇసుకే. చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకున్నాను. ప్రతిసారీ "అప్పట్లో నా పరిస్థితి" అన్న దగ్గర మొదలవుతున్నాయి. ఆ ముక్క తీసేశాను.

పన్నెండూ ఇరవైకి రియాద్. శుక్రవారం ఆ వేళకి చేరకండి. జుమా నమాజుకి దుకాణాలు మూసేస్తారు, టాక్సీలు కూడా అరుదు. నీడలో ఓ గంట కూర్చోవచ్చు. కూర్చుంటే లేవనని నాకు తెలుసు. మలజ్‌లో ఉన్న గ్రేస్ ఫ్లాటుకి నలభై నిమిషాలు నడిచే వెళ్ళాను.

తలుపు తీసింది గ్రేస్. "నడిచొచ్చారా అంకుల్? ఫోన్ చేస్తే నేనే కారు తెచ్చేదాన్ని కదా" అంది. లోపల చేపల పులుసు వాసన. ప్రభుదాసన్నయ్య సన్నబడ్డాడు. మెడలో తాడుకి రెండు కళ్ళజోళ్ళు వేలాడుతున్నాయి.

"వందనాలు భాస్కరం. ఎన్నాళ్ళకెన్నాళ్ళకి" అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఇంజను చేతికిచ్చాను. ఒక కళ్ళజోడు తీసి రెండోది పెట్టుకున్నాడు. "ఇదేనయ్యా. ఎడం పక్క వైపరు ఎప్పుడూ పని చేసేది కాదు. వానొస్తే తల బయటపెట్టి నడిపేవోణ్ణి. రాసుకో, రాసుకో."

గ్రేస్ కంచాలు పెడుతోంది. ఆ ఇంటి అన్నం తిన్నాక ఆ మాట చెప్పడం ఇంకా నీచం. అందుకే నిలబడే చెప్పాను.

"అన్నయ్యా, ఆ రోజు మీరు చూసినప్పుడు సిగ్నల్ క్లియర్‌గానే ఉంది. వెనక్కి వేసింది నేను. విచారణలో అబద్ధం చెప్పాను."

ఆయన ఇంజనుని బల్ల మీద పెట్టాడు. కోపం వస్తుందనుకున్నాను, దానికి సిద్ధపడే వచ్చాను. ఆయన మొహంలో మాత్రం లెక్క తప్పిన మనిషి గందరగోళం.

"నేను కళ్ళ డాక్టర్ల చుట్టూ తిరిగానయ్యా" అన్నాడు చివరికి. "లేని క్లియర్ ఎలా కనపడిందా అని. నువ్వు అబద్ధమాడతావని ఏనాడూ అనుకోలా. భాస్కరం డేంజరన్నాడంటే డేంజరే. నా కళ్ళే నన్ను మోసం చేశాయనుకున్నా."

గ్రేస్ చేతిలో గరిటె అలాగే ఉంది. "మా డాడీ ఆ తర్వాత మళ్ళీ బండి ముట్టుకోలేదంకుల్, స్కూటర్ కూడా. రోడ్డు దాటాలంటే నా చెయ్యి పట్టుకునేవారు. అప్పటికి నాకు పదేళ్ళు."

డ్రైవరు ఉద్యోగం పోగొట్టాననే ఇన్నేళ్ళూ కుమిలిపోయాను. నేను తీసుకున్నది అంతకంటే పెద్దదని అప్పటిదాకా తెలియదు. సిగ్గుతో తల దించుకున్నాను. క్షమించమని అడిగే మొహం కూడా లేకపోయింది.

"నాకు చెబితే సరిపోదు" అన్నాడాయన, గొంతు పెంచకుండానే. "అబద్ధం ఎవరికి రాసిచ్చావో వాళ్ళకే రాసివ్వు. నీ పేరు పెట్టి. ఇంజను ఇక్కడ వదిలెయ్. ఇవాళ నీతో కూర్చుని తినలేను, ఏమీ అనుకోకు."

ఏమనుకోను? గ్రేస్ గుమ్మం దాకా వచ్చింది.

స్టేషన్ బయట అప్పుడే తెరిచిన హోటల్లో ఫలాఫెల్ తిన్నాను. అయిదున్నర బండి వేళకే కదిలింది. నేనిప్పుడు చేస్తున్నది రైల్వే కుర్రాళ్ళకి సిగ్నల్ రూల్స్ నేర్పే ఉద్యోగం. విచారణలో అబద్ధమాడినవాణ్ణని తెలిస్తే మా మేనేజరు ఉంచుకుంటాడో, వీసా రద్దుచేసి ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తాడో తెలియదు. తెలుసుకున్నాక రాద్దామనుకుంటే ఎప్పటికీ రాయను. అందుకే కిటికీలో వెలుగుండగానే ఫోన్లో మొదలుపెట్టాను. క్యాబిన్ రిజిస్టరులో రాసినట్టే, ముందు టైము, తర్వాత జరిగింది, ఒక్క సాకు లేకుండా. ఇంగ్లండులో విచారణ జరిపిన పాత రైల్వే ఆఫీసుకి పంపాను, మా మేనేజరుకి ఒక కాపీ, గ్రేస్‌కి ఒక కాపీ.

రియాద్ దాకా వెళ్ళి రావడానికి ఒక్క రోజు చాలు. దారి బాగుంటుంది, బండి వేళకి నడుస్తుంది. నాకు మాత్రం ఇరవై రెండేళ్ళు పట్టింది, అది దారి తప్పు కాదు.

హొఫూఫ్ దాటాక గ్రేస్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "డ్యూటీ మార్చుకుని ఇంట్లోనే ఉన్నాను అంకుల్. డాడీకి చదివి వినిపించాను. సిగ్నల్ క్లియర్‌గా ఉందన్న లైను దగ్గర ఆపమన్నారు. అదొక్కటీ మళ్ళీ చదవమన్నారు. ఇప్పటికి నాలుగుసార్లు చదివాను."